గోలీ అబ్బాయి కేసు: భయం ఒక మ్యాచ్ గురించి, ప్రమాదం కాగితాల్లో

2024 ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం. లేబర్ డే సెలవులకి అందరూ సామాను సర్దుకుంటున్న టైమ్‌లో ఫోన్ వచ్చింది. మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర ఉండే తెలుగాయన. సొంతూరు తెనాలి వైపు, ఇక్కడ కార్ల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. పలకరింపులు లేవు. "అన్నగారూ, మావాడి కాలేజీ హాకీ అయిపోయినట్టేనా?" అన్నారు.

నేను కొన్నేళ్లు ఒక కాలేజీ క్రీడా విభాగంలో కంప్లయన్స్ ఆఫీసులో పనిచేశాను. ఏ ఆటగాడికి ఆడే అర్హత ఉంది, ఎవరికి లేదు, ఎందుకు లేదు అని కాగితాలు చూసి తేల్చే పని. ఇప్పుడు అదే పని కుటుంబాల తరఫున చేస్తున్నాను. ఈ కేసులో అబ్బాయి పేరు విక్రమ్ అనుకుందాం. గుర్తుపట్టే వివరాలు మార్చాను. తేదీల మధ్య ఉన్న లెక్క మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసంతా ఆ లెక్కే.

విక్రమ్ గోలీ, అంటే ఐస్ హాకీలో గోల్‌కీపర్. 2005 డిసెంబరులో పుట్టాడు. 2024 జూన్‌లో 12వ తరగతి పూర్తి చేశాడు. మంచి మార్కులే. మరి కాలేజీకి వెళ్లకుండా ఏం చేస్తున్నాడంటే, జూనియర్ హాకీ ఆడుతున్నాడు. మనవాళ్లకి దీన్ని చెప్పడానికి నేను ఎప్పుడూ వాడే పోలిక లాంగ్‌టర్మ్ కోచింగ్. ఇంటర్ అయ్యాక మెడికల్ సీటు కోసం విజయవాడలో ఒకటి రెండేళ్లు లాంగ్‌టర్మ్ తీసుకుంటారు కదా, అమెరికాలో కాలేజీ హాకీ సీటు కోసం 18 నుంచి 20 ఏళ్ల దాకా జూనియర్ లీగుల్లో ఆడతారు. ఇల్లు వదిలి వేరే ఊళ్లో, బిల్లెట్ ఫ్యామిలీ అనే కుటుంబం ఇంట్లో ఉంటారు. బస్సుల్లో గంటల తరబడి ప్రయాణం. అమెరికాలో పై మెట్టు యూఎస్‌హెచ్‌ఎల్, దాని కింద రెండో మెట్టు ఎన్‌ఏహెచ్‌ఎల్, ఆ కింద డబ్బు కట్టి ఆడే లీగులు. విక్రమ్ రెండో మెట్టులో ఉన్నాడు.

కెనడాలో దారి వేరు. అక్కడ మేజర్ జూనియర్ అంటే మూడు లీగులు: ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూఎంజేహెచ్‌ఎల్. మూడూ కలిస్తే సీహెచ్‌ఎల్. ఆ 2024-25 సీజన్‌లో 60 టీమ్‌లు, అందులో 9 అమెరికా ఊళ్లలోనే ఉన్నాయి. పెద్దల ప్రొఫెషనల్ లీగు ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన కుర్రాళ్లు కూడా అక్కడ ఆడొచ్చు, ఆటగాళ్లకి నెలకి కొంత జేబుఖర్చు ఇస్తారు. అందుకని అమెరికా కాలేజీ క్రీడలని నడిపే ఎన్‌సీఏఏ ఆ టీమ్‌లన్నిటినీ ప్రొఫెషనల్ టీమ్‌లుగా లెక్కేసేది. అక్కడ ఒక్క మ్యాచ్ ఆడినా ఇక్కడ కాలేజీకి ఆడే అర్హతకి ఎసరు వచ్చినట్టే. అప్పీలు చేసుకుంటే కొంత శిక్షతో తిరిగి రానిచ్చే వీలు ఉండేది గానీ, ఏ కోచ్ కోరి ఆ తలనొప్పి పెట్టుకుంటాడు?

ఆయన భయం అక్కడే. 2022 ఆగస్టులో, అబ్బాయికి 16 ఏళ్లప్పుడు, ఒక ఓహెచ్‌ఎల్ టీమ్ క్యాంపుకి పిలిచింది. క్యాంపుకి వెళ్లడం తప్పు కాదు. 48 గంటల వరకు టీమ్ ఖర్చు మీద ఉండొచ్చు, ఆ పైన సొంత డబ్బుతో ఉండొచ్చు. కానీ నాలుగో రోజు ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో రెండో పీరియడ్ సగం నుంచి ఇతన్ని గోల్‌లో నిలబెట్టారు. తండ్రి ఫోన్‌లో వీడియో తీసి తెనాలి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు కూడా. రెండేళ్ల తర్వాత, 2024 ఆగస్టులో, బఫెలో ఫెడరల్ కోర్టులో ఎన్‌సీఏఏ మీద ఒక కేసు పడింది. 16 ఏళ్ల వయసులో ఓహెచ్‌ఎల్ టీమ్‌కి రెండు ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడినందుకే తన అర్హత పోయిందని ఒక కుర్రాడు వేసిన కేసు. ఆ వార్త చదివి ఈయనకి నిద్ర పట్టలేదు. వీడియో అయితే డిలీట్ చేశారు. దానివల్ల ఒరిగేదేమీ లేదని నేను చెప్పలేదు, అప్పటికే ఆయన టెన్షన్ చాలు.

అడగని ప్రశ్న

నేను నోట్సు రాసుకుంటూ మామూలుగా అడిగాను, "ఇప్పుడు అబ్బాయి చదువు సంగతేంటి?" అని.

"ఖాళీగా ఎందుకని ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో వేశామండీ. అన్నీ ఆన్‌లైన్ క్లాసులే. 13 క్రెడిట్లు. మంగళవారం మొదలు."

పెన్ను పక్కన పెట్టేశాను. రెండేళ్ల కిందటి మ్యాచ్‌ కంటే ఈ మంగళవారం పెద్ద ప్రమాదం.

2024 నాటి నిబంధన ప్రకారం ఎన్‌సీఏఏ డివిజన్ 1లో, అంటే కాలేజీ క్రీడల పై మెట్టులో, ఆడే కుర్రాడికి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఇస్తారు, ఆ లోపు 4 సీజన్లు ఆడుకోవచ్చు. ఆ అయిదేళ్ల గడియారం ఎప్పుడు మొదలవుతుందంటే, ఏ కాలేజీలోనైనా సరే మొదటిసారి ఫుల్‌టైమ్ విద్యార్థిగా చేరి, క్లాసులు మొదలైన రోజున. ఆ కాలేజీకి హాకీ టీమ్ ఉందా లేదా అన్నది అనవసరం. ఆన్‌లైన్ అయినా అంతే. మామూలుగా 12 క్రెడిట్లు, ఆ పైన ఉంటే ఫుల్‌టైమ్. ఒకసారి మొదలైతే జూనియర్ ఆడుతున్నా, ఇంట్లో కూర్చున్నా అది ఆగదు. విక్రమ్ ఇంకా ఒకటి రెండేళ్లు జూనియర్ ఆడి ఆ తర్వాత కాలేజీకి వెళ్లాలనే ఆలోచన. మంగళవారం 13 క్రెడిట్లతో క్లాసులో కూర్చుంటే, అసలు కాలేజీకి చేరేసరికి ఆ అయిదేళ్లలో ఒకటో రెండో కరిగిపోతాయి.

మన ఇళ్లలో ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది, అదీ మంచి ఉద్దేశంతోనే. "గ్యాప్" అన్న మాటంటేనే మనకి భయం. పెళ్లి సంబంధాల్లో కూడా మధ్యలో ఏడాది ఎందుకు ఖాళీ అని అడిగే జనం మనం. అమెరికన్ హాకీ తల్లిదండ్రులు పిల్లవాణ్ణి జూనియర్‌కి పంపి నిశ్చింతగా ఉంటారు, మనవాళ్లు పక్కన కాలేజీ అడ్మిషన్ కూడా పెడతారు. ఈ ఒక్క విషయంలో ఆ పట్టుదలే దెబ్బ కొడుతుంది.

ఆఫీసు మూడు రోజులు సెలవు. అదృష్టం, కోర్సులు వదులుకోవడం ఆన్‌లైన్‌లో కుదురుతుంది. శనివారం రాత్రి నేను ఫోన్‌లో, ఆయన లాప్‌టాప్ ముందు. రెండు కోర్సులు తీసేశాం. మిగిలింది 7 క్రెడిట్లు, పార్ట్‌టైమ్. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమన్నాను. మంగళవారం పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి పార్ట్‌టైమ్ అని రాసిన కాగితం కూడా తెప్పించాం. ఈ కేసులో నేను చేసిన అతి పెద్ద పని అదే, దానికి పట్టింది నలభై నిమిషాలు.

ఐదు వారాల కెమిస్ట్రీ

తర్వాత హైస్కూలు మార్కుల జాబితా తెప్పించుకున్నాను. 3.4 జీపీఏ. "చదువు వైపు ఏ ఇబ్బందీ లేదండీ" అన్నారు తల్లి, కాస్త గర్వంగానే. నిజంగా మంచి విద్యార్థే. కానీ ఎన్‌సీఏఏ మొత్తం జీపీఏని చూడదు. 16 కోర్ కోర్సులు కావాలి: ఇంగ్లిష్ 4, లెక్కలు 3, సైన్స్ 2, ఈ మూడింటిలో ఏదో ఒకటి అదనంగా, సోషల్ 2, ఇంకా 4 వీటిలోంచి గానీ విదేశీ భాష లాంటివి గానీ. వాటిలో మాత్రమే లెక్కేసిన జీపీఏ 2.3 ఉండాలి. ఎస్‌ఏటీ, ఏసీటీ ప్రవేశ పరీక్షల మార్కుల నిబంధన 2023లో పూర్తిగా ఎత్తేశారు. ఇంకో మెలిక ఉంది: 12వ తరగతి మొదలయ్యేలోపే 10 కోర్సులు అయిపోవాలి, అందులో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లోవే అయి ఉండాలి. ఆ గడువు దాటాక ఆ పదిని మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడం కుదరదు.

ఏ స్కూల్లో ఏ కోర్సుని ఆమోదించారో ఎన్‌సీఏఏ జాబితా అందరికీ కనిపిస్తుంది. స్కూలు కోడ్ కొడితే చాలు. కొట్టి, ఒక్కో వరుసకి టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయాను. 11వ తరగతిలో హాకీ ప్రయాణాల వల్ల కెమిస్ట్రీ క్లాసులు పోతున్నాయని బయట ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో చేయించారు. స్కూలు ఆ మార్కుని తన జాబితాలో వేసేసుకుంది. A గ్రేడ్. "ఐదు వారాల్లో కెమిస్ట్రీ మొత్తం లేపేశాడండీ" అన్నారు తండ్రి.

ఆ మాటతోనే విషయం అర్థమైంది. ఆన్‌లైన్ కోర్సు ఒప్పుకోవాలంటే టీచరు, విద్యార్థి మధ్య క్రమంగా సంభాషణ ఉండాలి, కోర్సుకి ఫలానా కాలమని నిర్ణయం ఉండాలి. వీడియోలు చూసి, క్విజ్‌లు కొట్టి, టీచరు పేరు కూడా తెలియకుండా తెచ్చుకున్న A చెల్లదు. ఆ ప్రోగ్రామ్ ఆమోదిత జాబితాలో లేదు. హైస్కూలు పట్టా ఇవ్వడానికి స్కూలుకి అది సరిపోయింది. ఎన్‌సీఏఏకి సరిపోదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని స్కూలు కౌన్సిలర్లకే చాలామందికి గుర్తుండదు.

ఆ ఒక్కటి తీసేస్తే లెక్క ఇలా తేలింది. ఇంగ్లిష్ 4, లెక్కలు 4, సైన్స్ 2, సోషల్ 3, స్పానిష్ 2. మొత్తం 15. ఒకటి తక్కువ. 12వ తరగతికి ముందు చూస్తే కోర్ కోర్సులు 11 ఉన్నాయి, ఫర్వాలేదు. వాటిలో ఇంగ్లిష్ 3, లెక్కలు 3, బయాలజీ 1. సరిగ్గా ఏడు. ఆ బయాలజీ కూడా ఆన్‌లైన్‌లోనే చేయించి ఉంటే ఇక నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ గడువు ఏడాది కిందటే దాటిపోయింది.

ఒకటి తక్కువైన దానికి మందు ఉంది. హైస్కూలు సకాలంలో పూర్తి చేసినవాళ్లు, ఆ తర్వాత ఏడాది లోపు ఒకే ఒక్క కోర్ కోర్సు అదనంగా చేసుకోవచ్చు. రెండు కుదరవు. విక్రమ్ పట్టా 2024 జూన్‌లో వచ్చింది, అంటే 2025 జూన్ దాకా టైమ్ ఉంది. ఆమోదం ఉన్న ప్రోగ్రామ్‌లో మళ్లీ అదే కెమిస్ట్రీలో చేర్చాం. అక్టోబరు నుంచి మార్చి దాకా టీమ్ బస్సులో కూర్చుని చదివాడు. "అంకుల్, ఇవన్నీ నాకు వచ్చినవే" అని రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. వచ్చినవే. ఈసారి వచ్చింది బి ప్లస్.

నవంబరు 7

2024 నవంబరు 7న ఎన్‌సీఏఏలో నిబంధనలు చేసే డివిజన్ 1 కౌన్సిల్ ఓటు వేసింది. 2025 ఆగస్టు 1 నుంచి, మేజర్ జూనియర్ ఆడిన వాళ్లూ కాలేజీ హాకీకి అర్హులే. షరతు ఒకటే: ఆటకి అయ్యే అసలైన, అవసరమైన ఖర్చులకి మించి డబ్బు తీసుకుని ఉండకూడదు. దశాబ్దాలుగా ఉన్న గోడ ఒక్క పూటలో పడిపోయింది. తండ్రి ఆ రాత్రే ఫోన్ చేసి, "అన్నగారూ, మన సమస్య తీరిపోయింది, స్వీట్లు పంపిస్తా" అన్నారు. అవును, ఆయన ఏ ప్రశ్నతో నా దగ్గరికి వచ్చారో దాని జవాబు నేను ఏమీ చేయకుండానే వచ్చేసింది.

కానీ నాకు స్వీట్లు తినబుద్ధి కాలేదు. డివిజన్ 1లో మగపిల్లల హాకీ టీమ్‌లు అరవై పైచిలుకే. ఇప్పటిదాకా ఆ సీట్ల కోసం అమెరికా జూనియర్ లీగుల వాళ్లూ, కెనడాలో మేజర్ జూనియర్ కింది మెట్టైన జూనియర్ ఎ వాళ్లూ పోటీ పడేవాళ్లు. ఇప్పుడు 60 మేజర్ జూనియర్ టీమ్‌ల కుర్రాళ్లు కూడా అదే క్యూలోకి వచ్చారు. డబ్ల్యూహెచ్‌ఎల్ టీమ్ రెజైనా పాట్స్ ఆటగాడు బ్రాక్స్‌టన్ వైట్‌హెడ్ ఓటుకి ముందే, సెప్టెంబరులోనే, అరిజోనా స్టేట్‌కి మాట ఇచ్చాడు. మరుసటి ఏడాది జులైలో అదే లీగులోని మెడిసిన్ హ్యాట్ టైగర్స్ నుంచి గావిన్ మెకెన్నా పెన్ స్టేట్‌కి వచ్చాడు. అతను ఆ తరంలోనే పేరున్న ఆటగాడు. పైనుంచి అలాంటివాళ్లు దిగుతుంటే, రెండో మెట్టు లీగులో ఉన్న గోలీ ఎక్కడికి జరుగుతాడు? ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయమై ఎన్‌సీఏఏ మీద నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి 2025 జూన్‌లో కోర్టు ఆమోదం వచ్చాక, అందులో చేరిన కాలేజీలకి హాకీ రోస్టర్, అంటే టీమ్ జాబితా, 26 మందికి పరిమితమైంది. గోలీలు మామూలుగా ముగ్గురు. ఆ మూడో కుర్చీకి కూడా విలువ పెరిగింది.

డిసెంబరులో ఇంకో ఓహెచ్‌ఎల్ టీమ్ నుంచి కబురు వచ్చింది. వాళ్ల గోలీకి దెబ్బ తగిలింది, సీజన్ చివరిదాకా వస్తావా అని. కొత్త నిబంధన ప్రకారం ఇబ్బంది లేదు, విక్రమ్ కాలేజీలో చేరేది 2025 ఆగస్టు తర్వాతే. కాంట్రాక్టు చదువుదాం, జేబుఖర్చు సంగతి చూద్దాం అన్నాను. కాగితాల్లో పాస్‌పోర్ట్ కాపీ అడిగారు. తండ్రి నాకూ పంపారు. అట్ట మీద మూడు సింహాలు.

నా తప్పు

నాలుగు నెలలుగా ఈ ఫైలు నా దగ్గర ఉంది. అబ్బాయి ఏ పౌరుడని నేను ఒక్కసారి కూడా అడగలేదు. మిషిగన్ యాసలో ఇంగ్లిష్, మూడేళ్ల వయసు నుంచి స్కేట్లు, ఇక్కడే పుట్టాడనుకున్నాను. నేను చూసిన మన హాకీ పిల్లలు ఎక్కువమంది అలాంటివాళ్లే. మూడేళ్లప్పుడు తండ్రి ఉద్యోగ వీసా హెచ్-1బీతో పాటు, కుటుంబానికి ఇచ్చే హెచ్-4 మీద వచ్చాడట. ఇంకా దాని మీదే ఉన్నాడు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఉంది, కానీ భారతీయుల క్యూ సంగతి తెలిసిందేగా. ఇతని టీమ్‌కి ఈ విషయం తెలుసు. స్కూలుకి తెలుసు. తెలియనిది నాకే. "మీరు అడగలేదు కదండీ" అన్నారు ఆయన. నిజమే.

ఓహెచ్‌ఎల్ మాట అక్కడితో ముగిసింది. ఆ లీగులో ఎక్కువ టీమ్‌లు ఒంటారియోలోనే. అక్కడ మ్యాచ్‌లు ఆడాలంటే కెనడా వీసా కావాలి, ఆ పైన హెచ్-4 మీద ఉన్న కుర్రాడు జేబుఖర్చు తీసుకుంటే అది పనికి జీతమవుతుందా అన్న ప్రశ్న. సీజన్ మధ్యలో తేలే సంగతి కాదు.

అసలు సమస్య అది కూడా కాదు. హెచ్-4 పిల్లలకి 21 ఏళ్లు నిండేదాకానే. విక్రమ్‌కి అది 2026 డిసెంబరు. ఎన్‌సీఏఏ మగపిల్లల హాకీలోనూ ఇంకో 21 ఉంది: కాలేజీలో ఫుల్‌టైమ్‌గా చేరకుండా 21 ఏళ్లు నిండాక కూడా పోటీ మ్యాచ్‌లు ఆడుతుంటే, ఒక్కో ఏడాదికి ఒక్కో సీజన్ పోతుంది. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లకీ, హాకీ నిబంధనలు రాసినవాళ్లకీ ఏ సంబంధమూ లేదు, కానీ రెండు గడువులూ ఒకే పుట్టినరోజు మీద వచ్చి కూర్చున్నాయి.

అప్పుడే ఒక ఫ్యామిలీ ఫ్రెండ్ సలహా ఇచ్చారట: "ఇప్పుడే స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మార్చేయండి, ఆ కమ్యూనిటీ కాలేజీలోనే. చివరి నిమిషం దాకా ఎందుకు?" వీసా వరకే చూస్తే తెలివైన సలహాలాగే ఉంటుంది. కానీ ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాల్సిందే. ఫుల్‌టైమ్ చదివిన రోజు అయిదేళ్ల గడియారం మొదలు. అంటే ఆగస్టు ఆఖరి శనివారం రాత్రి కూర్చుని మేం ఆపిన దాన్ని, వీసా కోసమని మేమే మొదలుపెట్టినట్టు అవుతుంది. నేను 'పార్ట్‌టైమ్‌లో ఉండు' అంటుంటే, ఎఫ్-1 'ఫుల్‌టైమ్‌లో ఉండు' అంటుంది. హెచ్-4కి ఆ గొడవ లేదు, పార్ట్‌టైమ్ అయినా ఫుల్‌టైమ్ అయినా చదువుకోవచ్చు. కాబట్టి ఏ కాలేజీకి ఆడబోతున్నాడో ఆ కాలేజీలో చేరేదాకా హెచ్-4లోనే ఉండటం, చేరాక ఎఫ్-1కి దరఖాస్తు చేయడం. నేను లాయర్ని కాదు, ఆ ముక్క ఒక ఇమిగ్రేషన్ లాయర్ చేత చెప్పించి రాయించుకున్నాం. ఆవిడకి హాకీ తెలియదు, నాకు ఇమిగ్రేషన్ తెలియదు. గంటసేపు ఇద్దరం ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నాం.

స్పాన్సర్ డబ్బుల గురించి కూడా అప్పుడే చెప్పేశాను. తోటి ఆటగాళ్లు ప్రకటనలు చేసి, పోస్టులు పెట్టి సంపాదించుకుంటారు, ఇతను ఎఫ్-1 మీద ఉండి అలాంటివి ఒప్పుకుంటే అనుమతి లేని పని కిందకి రావచ్చు. లాయర్‌ని అడగకుండా ఒక టోపీ కూడా ఊరికే తీసుకోవద్దన్నాను. టోపీ విషయంలో కొంచెం అతి చేశాననుకోండి.

2025 లోనా, 2026 లోనా

2025 వసంతానికి రెండు దారులు మిగిలాయి. ఒక డివిజన్ 1 కోచ్ 2026లో రమ్మన్నాడు. ఇంకో ఏడాది జూనియర్ ఆడు, గోలీలకి ఆ వయసు అవసరం, స్కాలర్‌షిప్ కొంత ఉంటుంది అని. ఇంకో కాలేజీ 2025లోనే రమ్మంది, మూడో గోలీగా, క్రీడల స్కాలర్‌షిప్ లేకుండా, మార్కుల మీద వచ్చే సాయంతో.

లెక్క ప్రకారం 2026 కుదురుతుంది. 2025-26 ఇతనికి జూనియర్‌లో చివరి సీజన్. 2026 ఆగస్టులో చేరితే వయసు 20 ఏళ్ల 8 నెలలు, రెండు 21లూ దాటలేదు. కానీ మిగిలే జాగా నాలుగు నెలలు. కోచ్ "జనవరిలో చేరు" అంటే హెచ్-4 అయిపోతుంది. కోచ్ మారిపోతే ఇంకో కాలేజీ వెతుక్కునే టైమ్ ఉండదు. పైగా ఆ మాట నోటి మాట. కోచ్‌ని నమ్మొద్దని కాదు, కోచ్ కూడా తన ఉద్యోగం గడవడానికి ఆ వారం ఏది మంచిదో అదే చేస్తాడు.

తండ్రి 2026 అన్నారు, స్కాలర్‌షిప్ కోసం. తల్లి 2025 అన్నారు, వీసా భయంతో. నేనూ 2025 వైపే. విక్రమ్ మాత్రం ఒకే ముక్క అడిగాడు: "అంకుల్, మూడో గోలీ అంటే ప్రాక్టీసులో డ్రింక్స్ అందించడమే. ఒక ఏడాది రోజూ మ్యాచ్ ఆడితే నేను మంచి గోలీని అవుతాను కదా?" హాకీ ప్రకారం వాడు చెప్పింది సరైనదే. నేను అదే చెప్పాను. ఆట గురించైతే 2026, మిగతా అన్నిటి గురించైతే 2025 అని. నిర్ణయం వాళ్లకే వదిలేశాను. ఏప్రిల్ 1 రాగానే 2025లో చేరేవాళ్ల కింద, అర్హత ఉందని ఎన్‌సీఏఏ ఇచ్చే ఫైనల్ సర్టిఫికేషన్ అడిగించాను, రెండు తలుపులూ తెరిచి ఉండాలని.

ఎన్‌సీఏఏ తరఫున అర్హత తేల్చే ఎలిజిబిలిటీ సెంటర్ నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, అనుకున్నట్టే, 2022 క్యాంపు గురించి. ఎన్ని రోజులు, ఎవరి ఖర్చు, ఏమి ఇచ్చారు. ఇక్కడ తండ్రి నన్ను ఆశ్చర్యపరిచారు. మొదటి రెండు రాత్రులు టీమ్ హోటల్, మిగతావి ఆయన కార్డు మీద. పెట్రోలు బిల్లుతో సహా మూడేళ్ల నాటి రసీదులు ఒక స్వీట్ల డబ్బాలో ఉన్నాయి. వీడియో డిలీట్ చేశారు గానీ రసీదులు పారేయలేదు. టీమ్ నుంచి ఒక పేజీ ఉత్తరం వచ్చింది. కెమిస్ట్రీ మార్కులు నేరుగా స్కూలు నుంచి వెళ్లాయి, రిజిస్ట్రార్ ఇచ్చిన పార్ట్‌టైమ్ కాగితం వెళ్లింది. జులైలో సర్టిఫికేషన్ వచ్చేసింది.

ఈలోగా జూన్‌లో 2026 కోచ్ నుంచి మెసేజ్. మేజర్ జూనియర్ నుంచి ఒక గోలీని తీసుకున్నాం, 2026 సంగతి తర్వాత చూద్దాం అని. రెండే లైన్లు. తండ్రి నాకు పంపి కింద ఏమీ రాయలేదు. నేను ఫోన్ చేస్తే తల్లి ఎత్తారు. "వాడు గ్యారేజీలో బంతి గోడకేసి కొడుతున్నాడు, ఒక గంట ఆగి చేస్తాడండీ" అన్నారు. గంట తర్వాత చేశాడు. 2025లో చేరతానన్నాడు.

ఆగస్టులో హెచ్-4 మీదే క్లాసులు మొదలుపెట్టాడు. అయిదేళ్ల గడియారం ఆ రోజే మొదలైంది, ఒక్క రోజు కూడా వృథా కాకుండా. ఎఫ్-1 దరఖాస్తు లాయర్ వేశారు. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఒక్క నిమిషం ఆడినా ఆ సీజన్ వాడేసినట్టే కాబట్టి, మూడో గోలీగా బెంచ్ వెనక కూర్చున్నంత కాలం 4 సీజన్లూ అలాగే ఉంటాయి. దాన్ని లాభమని చెబితే వాడు ఒప్పుకోడు. ప్రాక్టీసు అయ్యాక మ్యాచ్‌లో చోటు దక్కనివాళ్ల చేత షాట్లు కొట్టించుకుంటూ నలభై నిమిషాలు అదనంగా ఉంటున్నాడని తల్లి చెప్పారు.

నా ఫారంలో ఇప్పుడు మొదటి గడి పాస్‌పోర్ట్, రెండోది 9వ తరగతి మొదలైన తేదీ, మూడోది ఈ సెమిస్టర్‌లో తీసుకున్న క్రెడిట్లు. ఏ టీమ్‌కి ఎప్పుడు మ్యాచ్ ఆడారన్నది రెండో పేజీకి వెళ్లింది.

డిసెంబరులో తండ్రి మళ్లీ ఫోన్ చేశారు. విక్రమ్ చెల్లి కూడా ఆడుతోందట, డిఫెన్స్. వచ్చే ఏడాది 9వ తరగతి. స్కూలు ఇచ్చిన కోర్సుల జాబితా నాకు అప్పటికే మెయిల్ చేశారు, ఒక్కో వరుస పక్కన ఆమోదం ఉందో లేదో పెన్సిల్‌తో టిక్కు పెట్టి. నేను పాస్‌పోర్ట్ అడిగాను.

"చెల్లి ఇక్కడే పుట్టింది అన్నగారూ" అని నవ్వారు. "అయినా పంపిస్తా, మీ ఫైల్లో ఉంటుంది."